ముంబై లోకల్‌లో టికెట్టు ఎవరి చేతిలో ఉండాలి?

కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్ వైపు మన కుటుంబాలకు ముంబై కొత్త ఊరేమీ కాదు. గల్ఫ్ విమానం ఎక్కేవారు, వారిని సాగనంపేవారు, వైద్యానికి వెళ్లేవారు, హాజీ అలీ దర్గా జియారత్‌కు వెళ్లేవారు ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు. అయినా టాక్సీ అతను అడిగినంత ఇచ్చుకుని తిరగడమే మనలో చాలామందికి అలవాటు. దగ్గరి స్టేషనుకు 5 రూపాయల టికెట్టుతో చేర్చే లోకల్ రైలంటే జంకు. ఆ జంకు ఉత్తిదేమీ కాదు. మేమూ దెబ్బ తిన్నవాళ్లమే.

మొదట లైన్లు తెలియాలి. వెస్టర్న్ లైను చర్చ్‌గేట్‌లో మొదలై దాదర్, బాంద్రా, అంధేరి మీదుగా విరార్ వైపు పోతుంది. సెంట్రల్ లైను సీఎస్‌ఎంటీ నుంచి దాదర్, కుర్లా, ఠాణే మీదుగా కల్యాణ్ వైపు పోతుంది. సీఎస్‌ఎంటీ అంటే మన పెద్దలు ఇప్పటికీ వీటీ అని పిలిచే స్టేషనే. 1996లో దాని పేరు మార్చారు. హజ్ హౌస్ దాని దగ్గర్లోనే ఉంది. హార్బర్ లైను కూడా అక్కడి నుంచే పన్వేల్ వైపు పోతుంది. ఒక లైను నుంచి మరో లైనుకు మారాలంటే ఎక్కువమంది దిగేది దాదర్‌లో. అక్కడి ప్లాట్‌ఫారాలకు 2023 డిసెంబరులో 1 నుంచి 14 దాకా వరస నెంబర్లు ఇచ్చారు. అంతకుముందు రెండు లైన్లకూ అవే నెంబర్లుండి కొత్తవాళ్లు తికమకపడేవారు.

సీఎస్‌ఎంటీ తరువాతి స్టేషను పేరు మస్జిద్. ఏ మస్జిదో అని మేము అడిగితే, ఆ పేరు దగ్గర్లోని యూదుల పురాతన ప్రార్థనా మందిరం వల్ల వచ్చిందని చెప్పారు.

అసలు చిక్కు స్లో, ఫాస్ట్ బండ్లతోనే. స్లో బండి అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది. ఫాస్ట్ బండి పెద్ద స్టేషన్లలోనే ఆగుతుంది. ప్లాట్‌ఫారం పైనున్న బోర్డు మీద చివరి స్టేషను పేరు, టైముతోపాటు ఎస్ అనో, ఎఫ్ అనో ఒక్క అక్షరం ఉంటుంది. ఆ అక్షరం చూడకపోవడమే మా తప్పు.

హాజీ అలీకి మహాలక్ష్మి స్టేషనులో దిగాలి. మా వెంట తమ్ముడు, అమ్మీ, మా ఇంటావిడ, ఎనిమిదేళ్ల పాప ఉన్నారు. మన ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక కూర్చున్నా ఒకరికొకరు కనబడతారు. లోకల్‌లో ఆడవాళ్ల పెట్టె వేరు. రద్దీలో వాళ్లకు అదే మేలు కూడా. చర్చ్‌గేట్‌లో వాళ్లను అందులో ఎక్కించి, మేము జనరల్ పెట్టె ఎక్కాం. ఐదు టికెట్లూ మా జేబులోనే. జేబుదొంగలుంటారని ఇంటావిడ ఫోను కూడా మేమే పుచ్చుకున్నాం.

మహాలక్ష్మి వచ్చింది. బండి ఆగలేదు. దాదర్‌లో దిగి ఆడవాళ్ల పెట్టె వైపు పరుగెత్తేలోగా బండి కదిలిపోయింది. అది ఆగేది అర నిమిషం కూడా కాదు. ప్లాట్‌ఫారం మీద మనవాళ్లు లేరు. ఫోను చేద్దామంటే ఆ ఫోను మా చేతిలోనే మోగుతుంది. తమ్ముణ్ణి బాంద్రాకు పంపి, మేము దాదర్‌లో ఆ జనంలో ప్రతి నల్ల బుర్ఖానూ చూస్తూ గంటసేపు తిరిగాం. ఆ గంట గురించి ఇంతకన్నా రాయలేము.

చివరికి స్లో బండి ఎక్కి వెనక్కి వస్తే, మహాలక్ష్మిలో బెంచీ మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. పెట్టెలో బుట్ట పట్టుకున్న ఒక మరాఠీ ఆవిడ, ఎక్కడ దిగాలని పాపను అడిగిందట. ఇది మహాలక్ష్మిలో ఆగదని చెప్పి, ముంబై సెంట్రల్‌లో దింపి, వెనక వచ్చే స్లో బండి చూపించిందట. తరువాతి స్టేషనే మహాలక్ష్మి. టికెట్టు లేకుండా పట్టుబడితే చార్జీ కాక కనీసం 250 రూపాయల జరిమానా అని విన్నారు గనుక బయటికి రాలేక అక్కడే కూర్చున్నారు. "టికెట్లన్నీ జేబులో పెట్టుకుని నువ్వెటు పోయావు బేటా?" అంది అమ్మీ. మా దగ్గర జవాబు లేదు.

మేము చేరేసరికి సముద్రం పోటు మీద ఉంది. దర్గాకు వెళ్లే బాట నీటిలో మునిగింది. నీరు తీసేదాకా ఒడ్డునే కూర్చున్నాం. పోటు వేళలు ముందే కనుక్కుని వెళ్లాలని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో ఎవరి టికెట్టు వారికే ఇచ్చేశాం, ఫోను కూడా. దిగే స్టేషను, బస పేరు కాగితం మీద రాసి పాప జేబులోనూ పెట్టాం. తప్పిపోతే ఎవరూ వెతుక్కుంటూ తిరగవద్దు, దిగాల్సిన స్టేషనులోనే ఆగాలి అని ముందే చెప్పుకున్నాం. మన ఇంట్లో మాట్లాడే ఉర్దూ ముంబైలో అందరికీ అర్థమవుతుంది. అమ్మీ ఈసారి పక్కనున్న ఆమెను తానే అడిగి మరీ బండి ఎక్కింది.

బస్సుల్లో ఒక ఇబ్బంది ఉంది. బెస్ట్ బస్సు ముందు నెంబరు చాలాసార్లు మరాఠీ అంకెల్లో కనబడుతుంది. పక్కన చూస్తే మామూలు అంకెలుంటాయి. కనీస చార్జీ 2025 మేలో 5 నుంచి 10 రూపాయలకు పెరిగింది. ఆటోలు బాంద్రా, సయన్ దాటాకే దొరుకుతాయి, దక్షిణాన ఉన్నవన్నీ టాక్సీలే. లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో దిగేవారికి కుర్లా కన్నా హార్బర్ లైనులోని తిలక్‌నగర్ దగ్గర. సామాను ఉంటే మాత్రం పొద్దున ఆఫీసుల వేళ లోకల్ జోలికి పోవద్దు. గల్ఫ్ వెళ్లేవారికి ఇప్పుడు వేరే దారి ఉంది. 2025లో కఫ్ పరేడ్ దాకా పూర్తయిన భూగర్భ మెట్రో సీఎస్‌ఎంటీ నుంచి విమానాశ్రయం రెండో టెర్మినల్‌కు నేరుగా పోతుంది.