పొద్దున రెండు గంటలకు క్లాసు

ముప్కాల్‌లో ఎవరైనా దేశం దాటి పోతున్నారంటే "దుబాయా, మస్కటా?" అని అడుగుతారు. 44వ నంబరు జాతీయ రహదారి వెంట బాల్కొండ, ఆర్మూరు దాకా పసుపు, ఎర్రజొన్న పండే ఊళ్లన్నీ అంతే. పరాయి దేశమంటే గల్ఫే. అదే ఊరి ఇంగ్లీషు సారు "ఇథియోపియా" అన్నాడనుకోండి, కాసేపు ఎవరికీ మాట రాదు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న: "ఆడ తిండి దొరుకుతదా సారూ?"

దారి మాత్రం పాతదే. 1941 తర్వాత హైలే సెలాసీ చక్రవర్తి తన దేశంలో బడులు మళ్లీ నిలబెట్టుకునే రోజుల్లో మన దేశం నుంచి పంతుళ్లను పెద్ద ఎత్తున పిలిపించుకున్నాడు. 2000 తర్వాత అక్కడ విశ్వవిద్యాలయాలు వరసగా పుట్టుకొచ్చాయి. పాఠం చెప్పేవాళ్లు చాలక మళ్లీ మనవైపు చూశారు. అలా వెళ్లినవాళ్లలో తెలుగు లెక్చరర్లూ బాగానే ఉన్నారు. తొమ్మిదో తరగతి నుంచి అక్కడ చదువు ఇంగ్లీషులోనే కాబట్టి ఆ భాష చెప్పేవాళ్లకు గిరాకీ ఉంది.

కాగితాల సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. పది పాసయినవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. పైగా క్లియరెన్స్ తప్పనిసరైన 18 దేశాల జాబితాలో ఇథియోపియా లేదు. వినడానికి హాయిగానే ఉంటుంది కానీ, మీ ఒప్పందాన్ని ప్రభుత్వం తరఫున చూసిపెట్టే కన్ను కూడా లేదన్నమాట. జీతం డాలర్లలో రాశారా, అక్కడి డబ్బు బిర్రుల్లోనా అన్నది మీరే చూసుకోవాలి. 2024 జులైలో బిర్రును మార్కెట్‌కు వదిలేశాక, డాలరుకు 57 ఉన్నది కొన్ని వారాల్లోనే వంద దాటింది.

కొత్తగా దిగినవాళ్లను మొదట తికమక పెట్టేది గడియారం. "రేపు రెండు గంటలకు క్లాసు" అంటారు. మధ్యాహ్నం తిని, నింపాదిగా రెండింటికి పోతే గది ఖాళీగా ఉంటుంది. ఆ క్లాసు పొద్దున ఎనిమిదింటికే అయిపోయింది. అక్కడ రోజు అర్ధరాత్రి మొదలవదు, పొద్దు పొడిచాక మొదలవుతుంది. మన ఆరు వాళ్లకు పన్నెండు, మన ఎనిమిది వాళ్లకు రెండు. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో ఏడాది పొడుగునా సూర్యోదయం ఆరుకు అటూ ఇటుగానే ఉంటుంది, అందుకే ఆ లెక్క చెల్లుతోంది. సూర్యోదయం నుంచి జాములు లెక్కపెట్టిన మన తాతలైతే ఒక్కరోజులో అలవాటు పడేవాళ్లు. తారీఖులూ అంతే. నెలలు పదమూడు, సంవత్సరం మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక. మన 2025 సెప్టెంబరు 11న వాళ్లకు 2018 ఉగాది వచ్చింది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు అందులోని తేదీ ఏ లెక్కదో అడగడం మంచిది.

రెండో తికమక వంటింట్లో. మనవైపు పోచంపాడు డ్యాం నిండితే నీటిమట్టం 1,091 అడుగులు. ఆ పక్కన పెరిగినవాళ్లు సుమారు 7,700 అడుగుల ఎత్తున్న అడిస్ అబాబాలో దిగితే రెండంతస్తులు ఎక్కేసరికే ఆయాసం వస్తుంది. పొయ్యి మీద పప్పు గంటసేపు కుతకుత ఉడికినా పలుకు మీదే ఉంటుంది. తప్పు పప్పుది కాదు. అంత ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. సూట్‌కేసులో పచ్చడి సీసాలు ఒకటి తగ్గించైనా కుక్కరు పెట్టుకోండి.

ఇక క్లాసు. "అర్థమైందా?" అని అడిగితే పిల్లవాడు ఉలిక్కిపడ్డట్టు చటుక్కున ఊపిరి లోపలికి పీలుస్తాడు. భయపడకండి, అది "ఔను". మన ఇంగ్లీషు వాళ్లకు మొదట్లో అందకపోవడానికీ కారణముంది. టేబుల్, డోర్ అనేటప్పుడు మనం నాలుక వెనక్కి మడుస్తాం. అక్కడి భాష అమ్హారిక్‌లో ఆ ట, డలు లేవు. కొన్నాళ్లు నెమ్మదిగా చెప్పి, బోర్డు మీద రాయక తప్పదు. వాళ్లకు ఇంటిపేర్లూ లేవు. ముందు సొంత పేరు, వెనక తండ్రి పేరు. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందుంటే, అదే మీ పేరనుకుని ఏడాదంతా ఆ పేరుకే మిస్టర్ తగిలించి పిలుస్తారు.

లిపి చూస్తే మాత్రం మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. ల, లు, లి, లా, లే, ల్, లో: అచ్చం గుణింతమే, ఒక్కో అక్షరానికి ఏడు రూపాలు. నెల రోజులు కూర్చుంటే బస్సు బోర్డులు చదివేయొచ్చు.

తిండి దొరుకుతదా అన్న ప్రశ్నకు జవాబు "త్సోమ్". ఉపవాసమని అర్థం. బుధ, శుక్రవారాల్లో ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. హోటల్లో ఆ మాట అంటే శనగపిండితో చేసిన షిరో, ఎర్రపప్పు కూర వస్తాయి. కింద ఇంజెరా ఉంటుంది. టెఫ్ అనే ధాన్యం పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి ఒకవైపే కాల్చిన పెద్ద దోశ అనుకోండి. పులుపు మొదటిరోజు గొంతు దిగదు. ఒకే పళ్లెం చుట్టూ అందరూ కూర్చుంటారు. పక్కనున్న సహోద్యోగి ఓ ముక్క చుట్టి మీ నోటి ముందు పెడతాడు. దాని పేరు గుర్షా. నోరు తెరవాలి, అంతే. చిన్నప్పుడు అమ్మ పెట్టిన గోరుముద్దకు వద్దన్నామా?

ఆ సాయంత్రం గదికొచ్చి ఇంటికి ఫోను చేస్తారు. ముప్కాల్‌లో రాత్రి తొమ్మిది.

"ఆడ టైమెంత బిడ్డా?"

ఎదుటి గోడ గడియారం చూసి, నోరు జారుతుంది: "పన్నెండున్నర."

"అయ్యో, ఇంకా పండుకోలేదా?"