భార్యాభర్తల మాట వినడానికి 3,000 గంటలు

అమెరికాలో ఉంటున్న మన నర్సింగ్ పిల్లలు ఫోన్ చేసినప్పుడు అక్కడి చదువుల సంగతులు చెబుతుంటారు. వాటిలో ఒకటి మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీ. భార్యాభర్తల మధ్య, తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య వచ్చే చిక్కులను విని చికిత్స చేసే వృత్తి ఇది. ఈ మాట చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "కాపురాలు చక్కదిద్దడానికి డిగ్రీ కావాలా? మన ఇళ్లలో పెద్దలు లేరా?"

ఇది సరైన ప్రశ్నే. పెద్దలు కూర్చుని చెబితే నిలబడిన కాపురాలు ఎన్నో ఉన్నాయి. కానీ పెద్దలు సర్దిచెప్పి పంపాక నెల తిరక్కుండానే పురుగుమందు తాగి క్యాజువాలిటీకి వచ్చినవారినీ మేము చూస్తుంటాము. అందుకే ఆ చదువులో ఏం నేర్పుతారో తెలుసుకోవడం మనకూ అవసరం.

ఎంత చదవాలి?

ఈ వృత్తికి మొట్టమొదట లైసెన్సు చట్టం చేసిన రాష్ట్రం కాలిఫోర్నియా. అది 1963లో జరిగింది. 2009 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలకూ ఈ విధానం వచ్చింది. నియమాలు రాష్ట్రానికి ఒక తీరుగా ఉంటాయి కనుక కాలిఫోర్నియానే ఉదాహరణగా తీసుకుందాం.

డిగ్రీ అయ్యాక మాస్టర్స్ చదవాలి. దీనికి సాధారణంగా రెండు, మూడేళ్లు పడుతుంది. చదువుకునే రోజుల్లోనే కనీసం 150 గంటలు, సమస్యతో వచ్చినవారి ఎదుట కూర్చుని పనిచేయాలి. లైసెన్సుకు మొత్తం 3,000 గంటల అనుభవం చూపాలి. అదంతా అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, 104 వారాలకు తక్కువ కాకుండా జరగాలి. అందులో 1,750 గంటలు నేరుగా కౌన్సెలింగ్ చేసినవై ఉండాలి. వాటిలోనూ 500 గంటలు దంపతులతో, కుటుంబాలతో, పిల్లలతో గడిపినవి కావాలి. ఇవి కాక రెండు పరీక్షలు: ఒకటి చట్టం, నీతి నియమాల మీద, రెండవది చికిత్స మీద.

మన విద్యార్థిని మొదటి ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు సిస్టర్ పక్కనే నిలబడి చూస్తుంది. అక్కడా అలాగే చూస్తారు. వచ్చినవారి అనుమతి తీసుకుని, ఒకవైపు నుండి మాత్రమే కనిపించే అద్దం వెనుక గురువు కూర్చుంటారు, లేదా వీడియో తీసి తరువాత తప్పొప్పులు చెబుతారు.

ఏం నేర్పుతారు?

మొదట కుటుంబ పటం గీయడం నేర్పుతారు. దీనిని జెనోగ్రామ్ అంటారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. కనీసం మూడు తరాలవారిని ఒకే కాగితం మీద గీసి, పెళ్లిళ్లు, మరణాలు, విడిపోవడాలు, తాగుడు, జబ్బులు అన్నీ గుర్తిస్తారు. విద్యార్థులు చాలాచోట్ల తమ ఇంటి పటం కూడా గీయాలి. తాగే తండ్రి ఇంట్లో పెరిగినవారికి ఎదుట తాగే భర్త కూర్చుంటే కోపం రావచ్చు. ఆ కోపం ఎవరిమీదిదో వారికి ముందే తెలిసి ఉండాలి.

రెండవది, తీర్పు చెప్పకపోవడం. తప్పు ఎవరిదని అడగరు. గొడవ ఎలా మొదలై ఎలా సాగుతుందో చూస్తారు. ఆమె అడుగుతుంది, అతను మాట్లాడడు. మాట్లాడడం లేదని ఆమె ఇంకా గట్టిగా అడుగుతుంది, అతను చెప్పులేసుకుని బయటికి పోతాడు. ఇద్దరూ ఎదుటివారి వల్లే ఇదంతా అనుకుంటారు. ఈ చక్రాన్ని ఇద్దరి కళ్లకూ కనబడేలా చేయడమే చికిత్సకు మొదటి మెట్టు.

మూడవది, అతి ముఖ్యమైనది, ప్రమాదాన్ని గుర్తించడం. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, కొట్టడం, బెదిరించడం ఉన్నాయా అని అడగాలి. భయపడుతున్న భార్యను భర్త పక్కన కూర్చోబెట్టి నిజం చెప్పమంటే, ఆ మాటకు ఇంటికెళ్లాక దెబ్బలు తినవలసి వస్తుంది. అలాంటప్పుడు ముందు చూడవలసింది ఆమె ప్రాణరక్షణ. చెప్పిన మాట గుట్టుగా ఉంచాలి. అయితే పిల్లలపై హింస జరుగుతోందని అనుమానం కలిగితే అక్కడి చట్టం ప్రకారం అధికారులకు తెలియజేయాలి.

మన దేశంలో

వైద్యంలో ఇంటివారిని కలుపుకోవడం మనకు కొత్త కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ గారు ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను వారితోనే ఉంచారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ మానసిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఇంటివారు రోగితో ఉండి చికిత్సలో పాలుపంచుకునే పద్ధతి ఏర్పడింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో కుటుంబాలకు చికిత్స చేస్తారు, శిక్షణా ఇస్తారు. 1984 నాటి చట్టం కింద ఏర్పడిన ఫ్యామిలీ కోర్టులలో కౌన్సెలర్లను నియమించే వీలుంది.

అయితే మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపిస్టు అనే పేరుతో మన దేశంలో ప్రత్యేక లైసెన్సు లేదు. క్లినికల్ సైకాలజిస్టులు మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. కనుక ఫ్యామిలీ కౌన్సెలర్ అన్న బోర్డు చూసి లోపలికి వెళ్లేవారు మొహమాటపడకుండా నాలుగు సంగతులు అడగాలి. ఏం చదివారు? ఎవరి పర్యవేక్షణలో, ఎంతకాలం పనిచేశారు? మేము చెప్పింది గుట్టుగా ఉంటుందా? మా ఇద్దరితో విడివిడిగా కూడా మాట్లాడతారా? సరైన శిక్షణ పొందినవారు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

వార్డు సిస్టర్లకు ఒక మాట. మనం థెరపిస్టులం కాము. కానీ దెబ్బలతోనో, పురుగుమందు తాగో వచ్చిన అమ్మాయి దగ్గర అత్తగారో భర్తో నిలబడి ఉండగా "ఏం జరిగిందమ్మా?" అని అడగవద్దు. డ్రెస్సింగ్ పేరుతో తెర వేసి, ఒంటరిగా అడగండి. "సర్దుకుపోవాలమ్మా" అని తొందరపడి చెప్పవద్దు. విన్నది డాక్టరు గారికి చెప్పండి, వరండాలో మాట్లాడుకోవద్దు. డిశ్చార్జి అయి వెళ్లేలోగా రెండు నంబర్లు ఆమెకు తెలియాలి: మానసిక సహాయానికి టెలి మానస్ 14416, మహిళల సహాయానికి 181. కాగితం మీద రాసిస్తే ఇంట్లో ఎవరి కంటనైనా పడవచ్చు. నోటికి వచ్చేదాకా రెండుసార్లు చెప్పించి పంపండి.