బరిలో పాతకాపు

మా వీధి కుర్రాళ్లు నలుగురు 2023 సెప్టెంబరు 8న బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్లి, గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలు చూసి తెల్లారేసరికి తిరిగొచ్చారు. జాన్ సీనాను కళ్లారా చూసిన సంబరం ఎంతుందో, దారి పొడవునా పడ్డ పోట్లాట కూడా అంతే ఉంది. నలభై ఆరేళ్ల మనిషి ఇంకా బరిలో దిగితే కొత్తవాళ్లకు చోటెక్కడిది అని ఇద్దరు. ఆయన పేరు చూసేగా టికెట్ కొన్నాం అని ఇద్దరు. టీకొట్టు దగ్గర నిలబడి ఆ వాదన చాలాసేపు విన్నాను. ఆ నలుగురూ మర్నాటికి మరిచిపోయి ఉంటారు. నేను మాత్రం మరవలేదు. అప్పటికి సుమారు నెల ముందే బెర్లిన్‌లో మన బెజవాడ అమ్మాయికి అదే పాతా కొత్తా పరీక్ష ఎదురైంది. ఆ తరవాత రెండేళ్లకు మన గుడివాడ ఆడపడుచుకూ ఎదురైంది.

మా చిన్నతనంలో వేసవి సెలవులంటే కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు. అరుగు మీద గుండ్రంగా కూర్చుని పంచుకునేవాళ్లం. ఒక్కో కార్డు మీద ఒక్కో వస్తాదు బొమ్మ. కింద ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలత, ఎన్ని కుస్తీలు పట్టాడు, ఎన్ని గెలిచాడు. కొత్త వస్తాదు కార్డు చేతికొస్తే ఛాతీయో, కండో అడిగేవాళ్లం. పాత వస్తాదు వస్తే కండ జోలికి పోకుండా ‘ఎన్ని కుస్తీలు పట్టాడు’ అని అడగాలి. ఆ అంకెలో అతన్ని కొట్టేవాడు ఉండేవాడు కాదు. ముసలివాడి బలం ఎక్కడుంటుందో ఆ అట్టముక్కలే నాకు మొదట నేర్పాయి.

ఆ కుస్తీల్లో గెలుపోటములు ముందే రాసి ఉంటాయని ఇప్పుడు పసిపిల్లలకూ తెలుసు. పడే దెబ్బలు నిజం, విరిగే ఎముకలు నిజం, బెల్టు ఎవరి నడుముకు చేరాలన్నది మాత్రం కథ రాసేవాళ్ల చేతిలోని పని. అందుకే అక్కడ అభిమానుల గొడవంతా ఆ కథకులతోనే. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే పాత తారకు బెల్టు కట్టబెట్టి, ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకునే కుర్రాణ్ని పక్కన కూర్చోబెడతారని. 2025 ఏప్రిల్‌లో సీనాకు పదిహేడోసారి ప్రపంచ టైటిల్ ఇచ్చారు. ఆగస్టు 3న కోడీ రోడ్స్ చేతిలో ఓడించి వెనక్కి తీసుకున్నారు. డిసెంబరులో వాషింగ్టన్‌లో ఆఖరి కుస్తీ పెట్టి, గుంథర్ పట్టులో చిక్కి చేత్తో తట్టి ఓటమి ఒప్పుకునేలా చేశారు. పోయే పెద్ద వచ్చేవాడికి తన బలాన్ని ఇలా ధారపోసి వెళ్లడం అక్కడి సంప్రదాయం. దాన్ని నేను తక్కువ చేయను. కన్యాదానంలో ధారపోసినట్టే అందులోనూ ఒక నిండుతనం ఉంది.

సీనా ఆ ఆగస్టులో బెల్టు పోగొట్టుకోవడానికి ఆరు రోజుల ముందు, జులై 28న, జార్జియా దేశంలో నల్లసముద్రం ఒడ్డున ఉన్న బటూమిలో ఇంకో టైటిల్ పోరు ముగిసింది. మహిళల చెస్ ప్రపంచకప్ ఫైనల్. ఒకవైపు 38 ఏళ్ల కోనేరు హంపి. ఎదురుగా 19 ఏళ్ల నాగ్‌పూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. ఇద్దరూ మనవాళ్లే అయిన ఫైనల్ ఆ కప్పులో అదే మొదటిసారి. అక్కడ కథ రాసేవాడు లేడు.

ఫైనల్ దాకా హంపి వచ్చిన తీరు చూస్తే ‘పాతకాపు’ అన్న మాటకు అర్థం తెలుస్తుంది. సెమీఫైనల్లో చైనా క్రీడాకారిణి లీ టింగ్జీ. రెండు పెద్ద గేములూ డ్రా. టైబ్రేక్‌లో మొదటి రెండూ డ్రా. ఆ తరవాతి జతలో తొలి గేము పోయింది. ఇక రెండోది గెలిచి తీరాలి, డ్రా అయినా ఫైనల్ పోయినట్టే. గెలిచింది. ఐదేసి నిమిషాల గేములకు వచ్చేసరికి రెండూ తనే గెలిచింది. మొత్తం 5-3. మెరుపు ఆటకు కుర్రతనం కావాలంటారు గానీ, గడియారం ముల్లు గుండెల మీద కొడుతున్నప్పుడు చేయి వణకకుండా ఉండటానికి కావలసింది వేరే.

ఫైనల్లో పెద్ద గేములు రెండూ డ్రా అయ్యాయి. టైబ్రేక్‌లో మొదటిదీ డ్రా. రెండోదాంట్లో నల్లపావులతో ఆడుతున్న దివ్య పట్టు బిగించింది. సమయం కరిగిపోతుండగా ఈసారి తప్పటడుగు హంపిది. ఓటమి ఒప్పుకుని చేయి కలిపింది. ఎదుటి అమ్మాయి కళ్లు నీళ్లతో నిండిపోయాయి, వెళ్లి తల్లిని కౌగిలించుకుంది. ఆ ఒక్క గెలుపుతో దివ్యకు కప్పుతోపాటు గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా వచ్చింది. మన దేశంలో 88వ గ్రాండ్‌మాస్టర్, ఆడవాళ్లలో నాలుగో వ్యక్తి.

ఆ నలుగురి పేర్లూ ఒక్కసారి వరసగా చెప్పుకోవాలి. హంపి, ద్రోణవల్లి హారిక, వైశాలి, దివ్య. మొదటి ఇద్దరూ కృష్ణమ్మ నీళ్లు తాగినవాళ్లే. ఒకరిది ఏటికి ఇవతల గుడివాడ, ఒకరిది అవతల గుంటూరు. బటూమిలో క్వార్టర్ ఫైనల్లో దివ్య ఎవరిని ఓడించిందనుకున్నారు? హారికనే, అదీ టైబ్రేక్‌లోనే. పదిహేనో సీడుగా దిగిన పిల్ల ఒకే టోర్నీలో కృష్ణకు అటు గట్టునూ ఇటు గట్టునూ దాటేసింది. ఆ రాత్రి మా ఇళ్లల్లో ముఖాలు చిన్నబోయిన మాట నిజం. నేనూ చిన్నబుచ్చుకున్నాను. పొద్దున్నే లేచి ఆలోచిస్తే మాత్రం ఇది మనకు తెలిసిన కథే కదా అనిపించింది. కాకపోతే ఒకప్పుడు ఆ పిల్ల స్థానంలో ఉన్నది మన హంపి.

2002లో హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి ఆమె వయసు 15 ఏళ్ల ఒక నెల 27 రోజులు. జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డు మూడు నెలల తేడాతో చెరిగిపోయింది. అప్పటికి దివ్య పుట్టనేలేదు. రసాయనశాస్త్రం చెప్పే ఉద్యోగం వదులుకుని కూతురికి గురువైన తండ్రి కోనేరు అశోక్, చాంపియన్ అన్న మాటలోంచే ఆమెకు పేరు తీసి పెట్టారు. పదేళ్ల లోపు, పన్నెండేళ్ల లోపు, పద్నాలుగేళ్ల లోపు, ఆపైన జూనియర్... ప్రపంచ పోటీలు మెట్లు ఎక్కినట్టు ఎక్కింది. బల్లకు అవతలి పక్క కూర్చున్న పెద్దలంతా అప్పట్లో ఆమెను చూసే భయపడేవారు.

ఆ తరవాతే అసలు సంగతి. 2011 నవంబరులో అల్బేనియాలోని టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం హంపి చైనా అమ్మాయి హౌ యీఫాన్‌తో తలపడింది. హంపికి 24, యీఫాన్‌కు 17. ఒక్క గేమూ గెలవలేకపోయింది, 5.5-2.5తో మ్యాచ్ పోయింది. ఇరవై నాలుగేళ్లకే ‘పాతతరం’ లెక్కలోకి వెళ్లిన మనిషి ఆమె. తనను మించిన చిన్నది ఒకతె వచ్చేసిందన్న చేదును చాలామంది నలభైల్లో మింగుతారు. ఆమె అప్పుడే మింగింది. పెళ్లి, 2017లో పాప, రెండేళ్లు ఆటకు దూరం. ఇక అయిపోయిందన్నారు. 2019 డిసెంబరులో మాస్కోలో లీ టింగ్జీతో టైబ్రేక్ ఆడి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. ఐదేళ్లకు న్యూయార్క్‌లో తొలి రౌండులోనే ఓడి, పదకొండు రౌండ్లు పూర్తయ్యేసరికి ఎనిమిదిన్నర పాయింట్లతో రెండోసారి అదే కిరీటం పెట్టుకుంది. ముప్పై ఏడేళ్లకు, ఏడేళ్ల పాప తల్లిగా. నాకు ఆ 2002 రికార్డు కన్నా ఈ 2024 గెలుపే పెద్దది. చిన్నప్పుడు గెలవడానికి తెలివి, తండ్రి, భయం తెలియనితనం సాయపడతాయి. ఈ వయసులో సాయం వచ్చేది ఓడిన అనుభవాలు మాత్రమే.

తాలింఖానాల్లో పాత వస్తాదుల గురించి ఒక కథ చెప్పేవారు. శిష్యుడికి అన్ని పట్లూ నేర్పి ఒక్క పట్టు మాత్రం దాచుకుంటాడట గురువు. కండ బలిసిన శిష్యుడు ఏదో ఒకరోజు తొడగొట్టి గురువు మీదికే వస్తే, ఆ ఒక్క పట్టుతో మట్టి కరిపిస్తాడట. చదరంగంలో ఆ దాపరికం పోయింది. హంపి పాతికేళ్లకు పైగా ఆడిన గేములన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. నాగ్‌పూర్లో కూర్చున్న పిల్ల వాటిని ఎత్తుకు ఎత్తు తిరగేయగలదు. ఏ స్థితిలో ఆమె పావును పట్టుకుంటుంది, ఎక్కడ తొందరపడుతుంది, ఎప్పుడు డ్రాకు మొగ్గుతుంది, అన్నీ బట్టబయలే. ఈనాటి పిల్లలు ఇంత త్వరగా పైకి రావడానికి ఇదొక పెద్ద కారణం. ముందు తరం మొత్తాన్ని చదివేసి వస్తారు. వాళ్ల గేములేమో ఇంకా పిడికెడే, పెద్దలకు చదువుకోవడానికి అంత దొరకదు. దాచుకున్న పట్టు ఇప్పుడు చిన్నవాళ్ల దగ్గరే ఉంటోంది.

విలువిద్యలో అయితే ఎవరి దగ్గరా దాచేందుకు ఏమీ లేదు. కాంపౌండ్ విల్లుకు రెండు కొసలా కప్పీలుంటాయి. యాభై మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం అడ్డంగా ఎనిమిది సెంటీమీటర్లు. మన ఇడ్లీ అంత. పదిహేను బాణాలు, అన్నీ ఆ ఇడ్లీలో పడితే 150. 149 అంటే పద్నాలుగు బాణాలు పదిలో, ఒకే ఒక్కటి వెంట్రుకవాసి పక్కకు జరిగిందన్నమాట. ఇప్పుడు ఆ 149 కథ వినండి.

2023 ఆగస్టు, బెర్లిన్, ప్రపంచ చాంపియన్‌షిప్. వెన్నం జ్యోతి సురేఖ, అదితి స్వామి, పర్‌ణీత్ కౌర్ ముగ్గురూ కలిసి మెక్సికోను ఓడించి జట్టు స్వర్ణం తెచ్చారు. సీనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్ విలువిద్యలో మన దేశానికి అదే మొట్టమొదటి స్వర్ణం. మర్నాడు వ్యక్తిగత సెమీఫైనల్లో సురేఖకు ఎదురు నిలిచింది ఆ అదితే. సురేఖకు 27 ఏళ్లు. నాలుగేళ్ల వయసులోనే కృష్ణా నదిని ఈది వార్తల్లోకెక్కిన బెజవాడ పిల్ల. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అప్పటికే కాంస్యం ఉంది, ఏకంగా మూడు రజతాలు తెచ్చిన ఏడాదీ ఉంది, వ్యక్తిగత స్వర్ణం ఒక్కటే బాకీ. అదితికి 17, మహారాష్ట్రలోని సతారా. స్కోరు 149-145. అదితిదే. ఆ తరవాత ఫైనల్ కూడా గెలిచి ప్రపంచ చాంపియన్ అయింది. మన సురేఖ కాంస్యం కోసం నిలబడింది. అప్పుడే చేజారినదాని బాధతో చేయి వణకాలి కదా. 150కి 150 కొట్టింది.

రెండు నెలలు గడిచాయి. అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడలు. మళ్లీ సెమీఫైనల్, మళ్లీ అదితి. మళ్లీ ఒకరు 149 కొట్టారు. ఈసారి కొట్టింది సురేఖ, అదితి 146. ఫైనల్లోనూ 149 కొట్టి కొరియాకు చెందిన సో చేవాన్ మీద గెలిచింది. జట్టుతో ఒకటి, మిక్స్‌డ్‌లో ఓజస్ దేవ్‌తలేతో ఒకటి, ఇది ఒకటి, మూడు స్వర్ణాలు మెళ్లో వేసుకుని ఊరికొచ్చింది. ఈ రెండు సెమీఫైనళ్ల మధ్య సురేఖ పక్కకు తప్పుకుని ఉంటే అదితికి దక్కేదేమిటి? ఎదురులేని బెల్టు. అదితి బెర్లిన్‌లో తడబడి ఉంటే సురేఖకు హాంగ్‌జౌలో ఆ పట్టుదల ఎక్కడినుంచి వచ్చేది? ఒకరినొకరు సానపట్టుకున్నారు. జట్టు పోటీ వచ్చేసరికి ఒకే గీత దగ్గర భుజం భుజం కలిపి నిలబడ్డారు.

అందుకే ‘పెద్దవాళ్లు తప్పుకుంటేనే పిల్లలకు దారి’ అన్న మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. బెల్టును చేతులు మార్చే కథకుడు ఉన్నచోట ఆ మాట చెల్లుతుంది, అక్కడ ఒక్క కుర్చీయే ఉంటుంది, ఎవర్ని కూర్చోబెట్టాలో ఒకడు నిర్ణయిస్తాడు. బల్ల దగ్గర, గురి దగ్గర పెద్దలు పిల్లలకు ఇవ్వాల్సింది కుర్చీ కాదు, గట్టి పోటీ. బటూమిలో హంపి అలసిపోయి తేలిగ్గా వదిలేసి ఉంటే ఆ అమ్మాయి కన్నీళ్లకు అంత బరువు ఉండేది కాదు.

నా దిగులు వేరే ఉంది. హంపి, సురేఖల తరవాత మన కృష్ణ గట్టు నుంచి ఎవరు? 2023లో నూతక్కి ప్రియాంక మహిళా గ్రాండ్‌మాస్టర్ అయింది. లలిత్‌బాబు గ్రాండ్‌మాస్టర్ అయి చాలాకాలమైంది. విలువిద్యలో బొమ్మదేవర ధీరజ్ ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. బెజవాడలో విల్లు పట్టించిన చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోయినా ఆ చెట్టు వాడిపోలేదు. 2028 లాస్ ఏంజెలిస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ పోటీ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. అప్పటికి సురేఖకు 32. ఆ ఒక్క చోటు కోసం ఆమెతో కొట్లాడే పదిహేడేళ్ల పిల్ల మన గట్టు మీదే ఎక్కడో ఉందా అని నేను వెతుక్కుంటూ ఉంటాను.

అలా వెతుక్కుంటూనే మొన్న ఒక ఆదివారం బెజవాడలో కల్యాణమండపంలో జరిగిన చెస్ పోటీకి వెళ్లాను. పెళ్లిభోజనాల బల్లలు వరసగా వేసి, వాటి మీద బోర్డులు పరిచారు. గోడ వారగా టిఫిన్ క్యారేజీలతో అమ్మలు. ఓ బల్ల దగ్గర అరవై ఐదు దాటిన పెద్దాయన, ఎదురుగా కాళ్లు నేలకు ఆనని పిల్ల. తొమ్మిదేళ్లుంటాయేమో. ఎత్తు వేసిన ప్రతిసారీ చేతులు కుర్చీ కింద దాచుకుంటోంది, తొందరపడి పావు ముట్టుకోకుండా. పెద్దాయన ఆమెను పసిపిల్లలా చూడలేదు. ఒక్క ఎత్తుకు పది నిమిషాలు ఆలోచించాడు. మధ్యాహ్నం భోజనాలకు అందరూ లేచినా వాళ్లిద్దరూ లేవలేదు. చివరికి ఏనుగూ బంట్లూ మిగిలిన ఆటలో పిల్ల బంటు ఒకటి ఆఖరి గడి చేరబోతుంటే ఆయన గడియారం ఆపి చేయి చాపాడు.

‘‘ఇరవై మూడో ఎత్తులో గుర్రం అక్కడ పెట్టావు చూడు, అక్కడే పోయింది నాకు. ఎవరు చెప్పారమ్మా అది?’’

‘‘ఎవరూ చెప్పలేదు తాతగారూ. మీరు పొద్దున ఇంకో అంకుల్ మీద అలాగే పెట్టారు. చూశాను.’’

ఎత్తులు రాసుకున్న కాగితాలు ఇద్దరివీ మార్చుకున్నారు. ఫలితం దగ్గర ఇద్దరూ సంతకం చేయాలి. పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. పెద్దాయన తన పేరు రాసి, కింద గీత గీసి, తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం నాలుగో రౌండు జతల జాబితా ఇంకా అంటించలేదు. ఆయన బోర్డు మీద పావుల్ని మళ్లీ మొదటినుంచి పేర్చడం మొదలుపెట్టాడు. పిల్ల క్యారేజీ దగ్గరికి పరిగెత్తి, ఒక ముద్ద నోట్లో పెట్టించుకుని, తిరిగొచ్చి ఎదుటి కుర్చీ ఎక్కింది.