వస్త్ర ఆధారిత ఫీనాలిక్ లామినేట్లు: ధర్మాలు, పారిశ్రామిక ఉపయోగాలు

గత విభాగంలో బేకలైట్ గురించి తెలుసుకున్నారు. లియో బేక్‌లాండ్ 1907లో రూపొందించిన ఈ ఫీనాల్-ఫార్మాల్డిహైడ్ రెజిన్ వేడిని తట్టుకుంటుంది, విద్యుత్తును ప్రసరింపనీయదు. కాని అది పెళుసు పదార్థం. దెబ్బ తగిలితే పగులుతుంది. ఈ లోపాన్ని నూలు బట్ట ఎలా పూరిస్తుందో ఇప్పుడు పరిశీలిద్దాం.

తయారీ

నూలు బట్టను రెజిన్ ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, ముక్కలుగా కోస్తారు. కావలసిన మందానికి తగినన్ని పొరలు పేర్చి, హైడ్రాలిక్ ప్రెస్‌లో సుమారు 150-160 డిగ్రీల సెల్సియస్ వద్ద అధిక పీడనంతో నొక్కుతారు. రెజిన్ మొదట మెత్తబడి పొరల మధ్యకు పారుతుంది. తరవాత దాని అణువుల మధ్య అడ్డుబంధాలు ఏర్పడి, అది త్రిమితీయ జాలకంగా గట్టిపడుతుంది. ఇలా తయారైన పలకను తిరిగి కరిగించి పోత పోయలేం. కోసి, తొలిచి, లేత్ మీద తిప్పి మాత్రమే కావలసిన ఆకారం తేవాలి. మన వర్క్‌షాపుల్లో 'హైలం షీటు' అనేది ఈ కుటుంబానికి చెందినదే.

ధర్మాలు

1. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.35 గ్రాములు, అంటే ఉక్కులో దాదాపు ఆరో వంతు.
2. బట్టలోని దారాలు దెబ్బ బలాన్ని పంచుకోవడం వల్ల ఇది సులభంగా పగలదు. కంపనాలను కూడా పీల్చుకుంటుంది.
3. నూనెలు దీన్ని పాడుచేయవు. గాఢ క్షారాలు పాడుచేస్తాయి.
4. నూలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి నీటిలో కొద్దిగా ఉబ్బుతుంది.
5. దీని బలం అన్ని దిశల్లో సమానం కాదు. పొరలను కలిపి ఉంచేది రెజిన్ ఒక్కటే కాబట్టి, పలక అంచులోకి రంధ్రం తొలిస్తే పొరలు విడిపోయే ప్రమాదం ఉంది.

ఉపయోగాలు

ఉక్కు గేరుకు జతగా లామినేటు గేరును అమర్చితే శబ్దం తగ్గుతుంది. రోలింగ్ మిల్లుల బేరింగులలో దీనికి నీరే కందెన. అయితే ఇది ఉష్ణాన్ని సరిగా ప్రసరింపజేయదు. నీటి ప్రవాహం ఆగితే రాపిడి వేడి బయటకు పోక బేరింగు మాడిపోతుంది. ఉబ్బడానికి వీలుగా షాఫ్టు చుట్టూ కొంత ఖాళీ కూడా వదలాలి. బాల్ బేరింగులలో గుండ్లను పట్టి ఉంచే కేజ్‌లకు కూడా దీన్ని వాడతారు. విద్యుద్బంధకతే ముఖ్యమైన చోట కాగితపు లామినేటును, దెబ్బలు, ఒరిపిడి ఉన్న చోట వస్త్ర లామినేటును ఎంచుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

నీటితో నడిచే బేరింగుకు వస్త్ర లామినేటును ఎంచుకున్నప్పుడు తీసుకోవలసిన రెండు జాగ్రత్తలు ఏవి? వాటికి కారణమైన ధర్మాలను పేర్కొనండి.