బిళ్ల బ్యాటరీ వైద్యం

"సిస్టమ్ స్లో అయిందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. పీకి, ఐదు నిమిషాలాగి పెట్టండి. కొత్తదానిలా పరిగెడుతుంది." ఈ వీడియో వైద్యం ఎవరు మొదలుపెట్టారో గానీ, మా వీధి చివరి ఎరువుల షాపాయన మూడేళ్ల ట్యాలీ లెక్కలు దీనికే బలయ్యాయి.

ఆ సీఆర్2032 సెల్ ఇచ్చేది 3 వోల్టులు. దాని ఉద్యోగమంతా ప్లగ్ తీసేసినప్పుడే: గడియారం ఆగకుండా చూడటం, చాలా బోర్డుల్లో బయోస్ సెట్టింగులు చెరిగిపోకుండా కాపాడటం. ప్లగ్ పెట్టి ఉంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే స్టాండ్‌బై కరెంటే ఆ పని చూసుకుంటుంది, సెల్ కునుకు తీస్తుంది. కునుకు తీసేవాణ్ని లేపి బయటికి పంపితే ప్రాసెసర్‌కు వేగమెలా వస్తుంది? తగ్గితే తగ్గొచ్చు కూడా. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసుకుని 3200 దగ్గర నడుస్తున్న డీడీఆర్4 ర్యామ్, సెట్టింగులు చెరగ్గానే ఏ 2133కో 2400కో దిగిపోవచ్చు.

షాపాయన సిస్టమ్‌లో విండోస్ వేసినప్పుడు సాటా మోడ్ రాయిడ్‌లో ఉంది. సెల్ పీకగానే ఏహెచ్‌సీఐకి వెళ్లింది. బూట్ అయ్యే తొలి క్షణాల్లో విండోస్ పాత మోడ్ డ్రైవరునే వెతుక్కుంటుంది; అవతల కంట్రోలర్ వేషం మార్చేసరికి సొంత డిస్కునే గుర్తుపట్టలేకపోయింది. నీలం తెర, 'ఇనాక్సెసబుల్ బూట్ డివైస్'. డిస్కు మాత్రం నిక్షేపంగా ఉంది. బయోస్‌లో ఆ ఒక్క సెట్టింగు మళ్లీ రాయిడ్ చేస్తే అయిపోయేది. రిపేరుకు తీసుకెళ్లిన చోట "విండోస్ ఎగిరిపోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి" అన్నారు. పార్టిషన్లన్నీ తీసేసి మరీ కొట్టారు. బ్యాకప్ ఎక్కడుందంటే, అదే డిస్కు డి డ్రైవులో.

డిస్కుకు బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉంటే ఇంకో గండం. బయోస్ రీసెట్‌తో టీపీఎమ్ ఆగినా, సెక్యూర్ బూట్ మారినా, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నేనెప్పుడూ పెట్టలేదే అనకండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన విండోస్ 11 సిస్టమ్‌లలో ఈ ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది.

మిగతా వీడియో వైద్యాలకు ఇంత చోటు దండగ. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్యకు టిక్ పెడితే కోర్లన్నీ మేలుకుంటాయట; టిక్ లేకపోయినా మేలుకునే ఉంటాయి, ఆ గడి ఉన్నది తగ్గించడానికి. సౌండ్ కార్డుకు ఐఆర్‌క్యూ చేత్తో కేటాయించాలనేవాళ్లు ఇంకా 1990ల ఐఎస్‌ఏ కార్డుల దగ్గరే ఆగిపోయారు. ఆన్‌బోర్డు గ్రాఫిక్స్‌కు 2 జీబీ రాసిస్తే అది ఆకాశంలోంచి ఊడిపడదు, మీ ర్యామ్‌లోంచే కోత.

'నడుస్తున్న బయోస్‌ను అప్‌డేట్ చేయొద్దు' అన్న మాటను మాత్రం, ఇష్టం లేకపోయినా, సగం ఒప్పుకోవాలి. మధ్యలో కరెంటు పోతే, బయోస్‌ను తిరిగి ఎక్కించే సదుపాయం లేని బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. ఎండాకాలం కరెంటును నమ్ముకుని, యూపీఎస్ లేకుండా ఆ పనికి దిగకండి. అలాగని ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటే కుదరదు. వాటిలో చాలా మోడళ్లలో వోల్టేజి పెరిగి చిప్ దెబ్బతినే లోపం బయటపడింది. 2024లో ఇచ్చిన మైక్రోకోడ్ సవరణను బయోస్ అప్‌డేట్‌తోనే ఎక్కించుకోవాలి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయదు, కాబట్టి ఆలస్యం మీకే నష్టం.

ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్లకేళ్లు వెనక్కి పోతుంటే సెల్ మార్చాల్సిందే. ఆ పనికి ముందు బయోస్‌లో సాటా మోడ్, బూట్ మోడ్, సెక్యూర్ బూట్, టీపీఎమ్ పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ట్యాలీ డేటా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. రికవరీ కీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ప్లగ్ పీకాకే సెల్ ముట్టుకోండి. తర్వాత నీలం తెర వచ్చి, ఎవరైనా ఫార్మాట్ మాటెత్తితే, ముందు ఆ ఫొటోలు వాళ్ల చేతికివ్వండి.