జోంగా: కదలకుంటేనే గౌరవం

కేశ్‌కాల్ ఘాట్ మలుపులు, ఆపైన బస్తర్ అడవి దారులు. ఇలాంటి చోట జీపుకు ఒకటే పరీక్ష: ఎక్కుతుందా, లేదా? సైన్యం కోసం పుట్టిన జోంగాకు ఆ సత్తా దండిగా ఉంది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడేదాకా బస్తర్ ఉన్న మధ్యప్రదేశ్‌లోనే, జబల్‌పూర్ వాహన కర్మాగారంలో అది తయారైంది. జపాన్ సంస్థ నిస్సాన్ లైసెన్సుతో 1969లో మొదలైన ఉత్పత్తి 1999లో ఆగిపోయింది.

ఆ తర్వాత కొనాలంటే సైన్యం వేలం వేసిన పాత బళ్లే దిక్కు. దాదాపు 4 లీటర్ల, 6 సిలిండర్ల ఇంజను తాగే పెట్రోలుకు జడిసి చాలామంది డీజిల్ ఇంజను బిగించుకున్నారు. వాడకానికి అది తెలివైన పనే. సేకరించేవాళ్ల లెక్కలో మాత్రం అదే పెద్ద లోపం. వారు ముందు అడిగేది అసలు ఇంజను, వేలం పత్రాలు, రిజిస్ట్రేషన్. 2019లో క్రికెటర్ ధోనీ కొనడంతో జోంగా మళ్లీ వార్తలకెక్కింది.

2021 నాటి కేంద్ర నిబంధనలూ అసలు రూపానికే పట్టం కట్టాయి. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికే వింటేజ్ గుర్తింపు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ. 20,000. తొలినాటి జోంగాలకు ఆ వయసు వచ్చింది. 1990ల నాటివి ఇంకా ఆగాలి. తిరకాసల్లా ఒకటే. వింటేజ్ బండి ప్రదర్శనలు, ర్యాలీల వంటి వాటికి తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. ఘాట్లెక్కడానికి పుట్టిన బండికి ఆ గౌరవం దక్కాలంటే షెడ్డులో కూర్చోవాల్సిందే.