పిల్లల టీటీ బ్యాటుకు ఎంత మందం స్పాంజి?



మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ 2022 కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. పటాన్‌చెరు, సంగారెడ్డి పిల్లలూ టేబుల్ టెన్నిస్ బ్యాటు కావాలంటే సంతోషమే. కానీ ఖరీదైనదే మంచిదనుకొని మందపాటి స్పాంజి కొనకండి.

బ్యాటు రబ్బరు కింద ఉండే స్పాంజి, బంతి తగలగానే అణిగి తిరిగి తోస్తుంది. మందం 2 మి.మీ. దాటితే బంతి దూసుకుపోతుంది, బ్యాటు బరువూ పెరుగుతుంది. బంతిని అదుపు చేయాలని పిల్లలు పిడిని బిగించి పట్టుకుంటారు. అలా గంటల తరబడి ఆడితే మణికట్టు, మోచేయి నొప్పి రావచ్చు.

కొత్తగా నేర్చుకునేవారికి 1.5 నుండి 1.8 మి.మీ. చాలు. ఆట నిలకడగా వచ్చాక కోచ్ సలహాతో పెంచవచ్చు.

నొప్పి వస్తే ఆట ఆపించి విశ్రాంతి ఇవ్వండి. తగ్గకపోతే డాక్టరుగారికి చూపించండి. దేవుడిచ్చిన ఆ చిన్ని చేతులను కాపాడుకుందాం.